ముప్ఫై ఒక్క ముక్కల పడవ

మొన్న పాత రసీదు ఒకటి కావాల్సొచ్చి జీమెయిల్ తిరగేస్తుంటే 2009 నాటి మెయిళ్ళు ఒక వరస బయటపడ్డాయి. అన్నింటికీ ఒకటే సబ్జెక్టు, ఇంగ్లీషు అక్షరాల్లో ‘పడవ’ అని. తెరిస్తే పైన ఒక వస్తువు పేరు, ఒక ప్రాంతం పేరు, పక్కన మూడు సంఖ్యలు. కింద ఎవరిదో వింత పేరు, టైము. అంతే. మూడో సంఖ్య, అంటే ఎత్తు, మాత్రం ప్రతి మెయిల్లోనూ ఇరవై దగ్గరే తచ్చాడుతోంది. సెకండ్ లైఫ్ అనే ఆ ఆన్‌లైన్ బొమ్మల లోకంలో సముద్రమట్టం ఇరవై మీటర్ల ఎత్తున ఉండేది మరి. ఆ మెయిళ్ళు పంపింది మనిషి కాదు, నేను కట్టిన పడవ.

పడవ సంగతి చెప్పాలంటే ముందు హెచ్-ఫోర్ సంగతి చెప్పాలి.

2007 జనవరిలో నేను కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో దిగాను. పెళ్ళయి ఎనిమిది నెలలు. మావారిది ఉద్యోగానికిచ్చే హెచ్-వన్ వీసా, నాది దానికి తోకలా భార్యకి వచ్చే హెచ్-ఫోర్. ఉద్యోగం చెయ్యకూడదు, జీతం తీసుకోకూడదు, సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వరు. చదువుకుంటానంటే మాత్రం ఎవరూ వద్దనరు. (2015 మే నుంచి హెచ్-ఫోర్‌లో కొంతమందికి పని చేసుకునే అనుమతి వచ్చింది. మా బ్యాచ్ వాళ్ళం అప్పటికే పప్పుచారుల్లోనూ డైపర్లలోనూ పీహెచ్‌డీలు పూర్తి చేసేశాం.) మావారు పొద్దున ఎనిమిదింటికి వెళ్తే రాత్రి ఏడింటికి రావడం. మధ్యలో ఉన్న పగలు ఎంత పొడుగో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. ఇల్లు తుడిస్తే పావుగంట, వంట గంట. బయట నడుద్దామంటే ఫుట్‌పాత్ మీద నేనూ నా నీడా తప్ప ఇంకెవరూ ఉండరు.

నేను విశాఖలో, ఆంధ్రా యూనివర్సిటీలో లైబ్రరీ సైన్స్ చదివాను. మా నాన్న తెనాలి దగ్గర ఒక శాఖా గ్రంథాలయంలో గ్రంథపాలకుడిగా పనిచేసి రిటైరయ్యారు. ఇంటిపన్ను రూపాయికి ఎనిమిది పైసల గ్రంథాలయ పన్ను కలిపి వసూలు చేస్తారు మన దగ్గర. “ఊళ్ళో ప్రతి గడపా మనకి ఎనిమిది పైసలు బాకీ తీరుస్తోందే” అని నవ్వేవారు నాన్న. అలాంటి ఇంట్లోంచి వచ్చి, ఒక్క పుస్తకానికీ నంబరు వెయ్యకుండా ఏడాదిన్నర కూర్చున్నాను.

శాన్‌హొసే స్టేట్ యూనివర్సిటీలో లైబ్రరీ సైన్స్ మాస్టర్స్ ఉందనీ, చాలా క్లాసులు ఇంట్లో కంప్యూటర్ ముందే కూర్చుని చదవచ్చనీ పక్క అపార్ట్‌మెంటావిడ చెప్పింది. కాలిఫోర్నియాలో ఏడాది దాటి ఉన్నాం కాబట్టి ఫీజు కూడా స్థానికులకు వేసేదే పడింది. 2008 ఆగస్టులో చేరాను. ఫీజు కట్టిన మూడు వారాలకి లేమన్ బ్రదర్స్ కుప్పకూలింది. ఆ నెలంతా మావారు ఆఫీసు నుంచి రాగానే మొహం చూసి, ఉద్యోగం ఉందో ఊడిందో పోల్చుకోడమే నా పని. ఆయన మాత్రం ఒక్కసారి కూడా ఫీజు మాట ఎత్తలేదు. ఎత్తకపోవడమే ఎక్కువ టెన్షన్.

మొదటి సెమిస్టర్లో వారానికో కొత్త పనిముట్టు. ఒక వారం వికీ, ఒక వారం ఫ్లికర్, ఒక వారం గూగుల్ రీడర్, ఇంకో వారం డెలిషస్. డెలిషస్ అంటే మనకి నచ్చిన వెబ్ పేజీలకి మనమే ఇష్టమొచ్చిన మాట ఒకటి తగిలించి దాచుకోవడం. ట్యాగ్ అంటారు. నాకది మొదట్లో అస్సలు మింగుడు పడలేదు. పుస్తకాలకి నంబర్లు వేసే రంగనాథన్‌గారి కోలన్ వర్గీకరణ బట్టీ పట్టి పాసైన దాన్ని. ఒక్కో వస్తువుకీ ఒక్కో చోటు ఉండాలి, ఆ చోటు ఎవరు వెతికినా ఒకటే అయి ఉండాలి. ఇక్కడేమో ఒకావిడ వంటకాల పేజీకి ‘ఆదివారం’ అని తగిలించింది. నాన్నకి ఫోన్లో చెప్పాను. “అందులో తప్పేముంది? మన లైబ్రరీకి వచ్చే రైతులు పుస్తకం పేరు చెప్తారా? ‘మొన్న వానలప్పుడు చదివాను, నీలం అట్టది’ అంటారు. ఆ నీలం అట్టే వాళ్ళ ట్యాగు” అన్నారు. ఆ వారం అసైన్‌మెంటులో నేను రాసిందంతా ఆ నీలం అట్ట గురించే. మార్కులు బాగానే వచ్చాయి.

లైబ్రరీథింగ్ అని ఇంకోటి. మన ఇంట్లో పుస్తకాలకి మనమే క్యాటలాగు చేసుకోవచ్చు. అప్పట్లో రెండొందల పుస్తకాల దాకా ఉచితం. నా దగ్గరున్నవి తెచ్చుకున్న నలభై. మిగతావి నాన్న బీరువాలోంచి ఫోన్లో చెప్పించుకుని ఎక్కించాను. శనివారం రాత్రి ఇక్కడ, ఆదివారం పొద్దున అక్కడ. ఆయన పుస్తకం పేరు, రచయిత, ముద్రణ సంవత్సరం చెప్పి, నేనడక్కపోయినా “ఎనిమిది తొంభైనాలుగు పాయింటు ఎనిమిది రెండు ఏడు” అని కలిపేవారు. లైబ్రరీల్లో వాడే డ్యూయీ వర్గీకరణలో తెలుగు సాహిత్యం నంబరది. తెలుగు నవలకి అదే, పద్యానికీ ముందదే. వందోసారి విన్నాక, “అది తెలుసులే నాన్నా” అన్నాను. “తెలిసినా రాయాలమ్మా, లేకపోతే పుస్తకం ఎటెళ్ళాలో దానికి తెలీదు” అన్నారు. సరిగ్గా రెండొందలకి ఆపాం. బీరువాలో మూడో అర సగంలో ఉంది.

రెండో సెమిస్టర్లో సెకండ్ లైఫ్. 2003లో మొదలైన లోకం అది. ఆట అందామంటే గెలుపూ ఓటమీ లేవు. మనకో బొమ్మ శరీరం ఇస్తారు, దాంతో తిరగడం, కట్టడం, అమ్మడం, కొనడం, మాట్లాడటం. స్వీడన్ వాళ్ళు 2007లో అందులో రాయబార కార్యాలయం తెరిచారు. రాయిటర్స్ వాళ్ళు అంతకు ముందే ఒక విలేకరిని పెట్టారు. మా డిపార్ట్‌మెంటు కూడా 2007లోనే అక్కడ క్యాంపస్ పెట్టింది. మావారు ఇదంతా విని, “అంటే నేను కట్టిన ఫీజుతో నువ్వు వీడియోగేమ్ ఆడతావన్నమాట” అన్నారు. ఆ సెమిస్టర్ మొత్తానికీ ఆయన వేసిన జోకు అదొక్కటే.

పేరు పెట్టుకునేటప్పుడే నవ్వొచ్చింది. మొదటి పేరు మన ఇష్టం, ఇంటిపేరు మాత్రం వాళ్ళిచ్చిన జాబితాలోంచి ఏరుకోవాలి. పెళ్ళితో ఒకసారి ఇంటిపేరు మారింది. పాస్‌పోర్టులో అది ఇంకా సరిగ్గా ఎక్కనేలేదు, ఇంతలో మూడోది. మొదటి పేరు కృష్ణవేణి అని పెట్టాను, మా కాలవలో వచ్చే నీళ్ళు కృష్ణవే కదా అని.

జీన్సు ప్యాంటుతో ఒక దీవిలో పడేశారు. నడవడం, తల తిప్పడం, కూర్చోడం నేర్పించే దీవి. కూర్చోడం రాక ముందు ఎగరడం వచ్చింది నాకు. ఒక మీట నొక్కితే కాళ్ళు పైకి లేస్తాయి. ఎగిరానుగానీ దిగడం తెలీక నేరుగా సముద్రంలోకి పోయాను. ఊపిరాడక చస్తాననుకుని కంగారుగా మీటలన్నీ నొక్కేశాను, కుర్చీలోంచి లేచి నిలబడ్డాను కూడా. ఏమీ కాలేదు. సముద్రం అడుగున ఇసక మీద నా బొమ్మ తాపీగా నడుస్తోంది. ఆ పూట అలా నీళ్ళ కింద నడుస్తూనే ఉన్నాను. వంట మర్చిపోయాను.

చీర కోసం వెతకడం పెద్ద కథ. ఎవరో అమ్ముతున్న చోట ఒక ఆకుపచ్చ చీర దొరికింది, రెండొందల యాభై లిండెన్ డాలర్లు. అంటే అసలు డాలరు ఒకటి, అటూ ఇటూగా. అది కట్టుకుంటే నిలబడ్డప్పుడు లక్షణంగా ఉండేది. కూర్చుంటే మాత్రం పమిట పొట్టలోంచి దూరి వీపులోంచి బయటికొచ్చేది. క్లాసులో అందరం గుండ్రంగా కూర్చునేవాళ్ళం. ఒహాయోలో పబ్లిక్ లైబ్రరీలో పనిచేసే ఒకావిడ పిల్లి రూపంలో వచ్చేది, ఇంకొకతను డబ్బాల రోబో. ఏదైనా టైప్ చేస్తే మన బొమ్మ చేతులు గాల్లో టకటకలాడతాయి, కీబోర్డు చప్పుడుతో సహా. పన్నెండు మంది ఒకేసారి టైప్ చేస్తుంటే మా నాన్న కుర్రప్పటి టైపు ఇన్‌స్టిట్యూట్ అలాగే ఉండేదేమో అనిపించేది. నా పాత కంప్యూటర్ ఫ్యాను రోట్లో పిండి రుబ్బినట్టు మోత. అందరి బట్టలూ తెర మీదికి రావడానికి రెండు నిమిషాలు పట్టేది, అప్పటిదాకా నాకు అందరూ బూడిదరంగు మనుషులే.

ఇంకోటి చెప్పి తీరాలి. ఆ లోకంలో కొన్ని దుకాణాల ముందు కుర్చీలు వేసుండేవి. వాటిలో ఊరికే కూర్చుంటే పది పదిహేను నిమిషాలకోసారి రెండో మూడో లిండెన్ డాలర్లు మన ఖాతాలో పడేవి, జనం ఉన్నట్టు కనిపించాలని. ఒక రాత్రి నా బొమ్మని ఒక కుర్చీలో కూర్చోబెట్టి పడుకున్నాను. పొద్దున లేచి చూస్తే తొంభై చిల్లర. సంతోషం ఒక్క నిమిషమే. తర్వాత గుండె దడ. ఇది జీతం కాదూ? హెచ్-ఫోర్ మీద ఉండి రాత్రి డ్యూటీ చేసినట్టు కాదూ? అసలు డబ్బులో చూస్తే ముప్ఫై అయిదు సెంట్లు కూడా లేదు. అయినా మావారిని లేపి అడిగాను. “ఏమండీ, ఇది ఇమ్మిగ్రేషన్ వాళ్ళకి తెలిస్తే?” నిద్రమొహంతోనే, “టాక్స్ ఫైల్ చేద్దాంలే, పడుకో” అన్నారు. ఆ తొంభై చిల్లరా ఒక చర్చి ముందు విరాళాల డబ్బాలో వేసి వచ్చాను. గుడి ఎక్కడుందో అప్పటికింకా తెలీదు.

సెమిస్టర్ చివరి ప్రాజెక్టు: ఆ లోకంలో ఒక లైబ్రరీ కట్టాలి, మీ ప్రాంతపు సంప్రదాయం చూపించేది అయితే మంచిది. మనిషికి ఐదొందల పన్నెండు చదరపు మీటర్ల నేల, దాంట్లో నూట పదిహేడు ప్రిమ్‌లు. ప్రిమ్ అంటే అక్కడి ఇటుక అనుకోండి. డబ్బా, స్తంభం, గోళం, కడియం లాంటి ముక్కలు. వాటినే సాగదీసి, మెలితిప్పి, తొలిచి, దేన్నయినా కట్టాలి. నేను మొదట వేటపాలెం సారస్వత నికేతనం అనుకున్నాను. 1918లో మొదలైనది, మా అందరికీ గర్వకారణం. కానీ ఆ భవనం కట్టాలంటే నూట పదిహేడు ముక్కలు మెట్లకే సరిపోయేలా ఉన్నాయి.

నాన్నతో అన్నాను. అవతల కాసేపు నిశ్శబ్దం. కాలింగ్ కార్డు నిమిషాలు అయిపోయాయేమో అనుకున్నాను.

“ఏమ్మా, పడవ కట్టకూడదూ?”

పడవ గ్రంథాలయం నాకు పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న. 1935లో పాతూరి నాగభూషణంగారు పెదపాలెం సేవాశ్రమం తరఫున ఒక పడవ నిండా పుస్తకాలు వేసి, పెదవడ్లపూడికీ కొల్లూరుకీ మధ్య కాలవలో తిప్పారు. రోడ్లు లేని కాలం, కృష్ణా డెల్టా ఊళ్ళకి కాలవే రహదారి. కాలవ గట్టు ఊళ్ళవాళ్ళకీ, పడవ ప్రయాణీకులకీ పుస్తకాలు చదవడానికిచ్చేవాళ్ళు. నేను చదివిన ఆంధ్రా యూనివర్సిటీ లైబ్రరీ సైన్స్ శాఖ మొదలైందీ అదే 1935లో. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలని మాకెవరికీ తట్టలేదు. పరీక్షలో రెండు మార్కులకి నాలుగు వాక్యాలు రాసి వచ్చేశాను.

నాన్నకి మాత్రం అది నాలుగు వాక్యాలు కాదు. మా తాతయ్యది కొల్లూరు వైపే. ఆ పడవ తిరిగేనాటికి ఆయనకి పదేళ్ళు. గట్టు మీద పశువులు కాస్తుంటే పడవ వచ్చేదట. తాతయ్యకి అప్పటికి చదవడం రాదు. రేవులో ఆగిన పడవలో పుస్తకాల వీపులు వరసగా కనిపిస్తే, అవన్నీ చిన్నచిన్న ఇటుకలనుకున్నాడట. ఇటుకలు తడవకుండా గూడు కట్టారెందుకూ అని వాళ్ళమ్మని అడిగాడట. ఈ కథ మా ఇంట్లో ఎవరికీ గుర్తులేదు, నాన్నకి తప్ప.

గూగుల్ ఎర్త్‌లో ఆ కాలవ వెతుక్కున్నాను. అప్పట్లో మా వైపు మసకగా ఉండేది, ఆకుపచ్చ అలుకులో ఒక నీలి గీత. ఆ గీత వంపులనే నా దీవి పక్క నీళ్ళలో రేవులుగా గుర్తుపెట్టుకున్నాను.

ఇక కట్టడం. ఒక ముక్క పది మీటర్లకి మించి సాగదు కాబట్టి పడవ అడుగు రెండు ముక్కలయింది. నిలువు స్తంభాన్ని పడుకోబెట్టి, సగానికి కోసి, లోపల తొంభై అయిదు శాతం తొలిస్తే అదే పడవ పొట్ట. అదే ముక్క ఇంకోటి బోర్లిస్తే పైన గూడు. మొన దగ్గర ఒకటి సన్నగా చెక్కాను. చుక్కాని, గడ, లాంతరు, అరలు. పుస్తకాలు ఒక్కోటి ఒక్కో డబ్బాగా చేసి పేర్చాను, అరవై. నీళ్ళ మీద పెట్టి చూసుకుంటే కళ్ళు చెమర్చాయి. తెనాలి వదిలాక ఏదైనా వస్తువు నా చేత్తో చేయడం అదే మొదటిసారి. చేత్తో చేశానని ఎలా అంటాను, మౌసుతో కదా అనకండి. మణికట్టు నొప్పి పదిరోజులు తగ్గలేదు.

పడవ పేరు రాయబోతే ఇంకో తంటా. అక్కడ తెలుగు టైప్ చేస్తే నా తెర మీద ఖాళీ గళ్ళు వచ్చేవి. లేఖినిలో టైప్ చేసి, పోతన ఫాంటులో పెట్టి, దాన్ని బొమ్మగా మార్చి ఎక్కించాను. ఒక్కో బొమ్మ ఎక్కించడానికి పది లిండెన్లు. మొదటిసారి ‘గ్రంథాలయం’లో థకి బదులు ధ పడింది. రోజూ రాసే మాటే. ఇంకో పది లిండెన్లు. కుర్చీ డబ్బులు చర్చిలో వేసినందుకు అప్పుడు బాధపడ్డాను.

తీరా అంతా అయ్యాక తెలిసింది, పడవ కదలదు. ఆ లోకంలో కదిలే బండి ఏదైనా ముప్ఫై రెండు ముక్కలకి మించకూడదు, నడిపే మనిషి కూడా ఒక ముక్కకింద లెక్క. అంటే పడవకి ముప్ఫై ఒకటి. నాదేమో ఎనభై దాటింది. పుస్తకాలుంటే పడవ కదలదు, పడవ కదలాలంటే పుస్తకాలు దింపాలి. రేవులో కట్టేసి ఉంచితే ఏం పోయింది అన్నారు మావారు. ఇంకెవరన్నా అంటే ఒప్పుకునేదాన్నేమో. కదలని పడవకీ మామూలు లైబ్రరీకీ తేడా ఏముంది? ఆ రాత్రి అలిగి పడుకున్నాను, ఎవరి మీదో తెలీదు.

మర్నాడు తెనాలిలో ఉన్న మా పిన్నికొడుక్కి ఫోన్ చేశాను. “ఒరేయ్, మా ఇంటికెళ్ళి నాన్న బీరువా తలుపులు తీసి ఒక్కో అరకీ ఫొటో తియ్యరా. నాన్నకి చెప్పకు.” వాడు డిజిటల్ కెమెరాతో తీసి నెట్ సెంటర్ నుంచి పంపించాడు. ఒక్కో ఫొటో తగ్గించి, ఒక్కో అరకి ఒక్కో పలకగా అతికించాను. అరవై ముక్కలు పోయి నాలుగే మిగిలాయి. పలక ముట్టుకుంటే పన్నెండు బొత్తాల మెనూ వస్తుంది. అంతకన్నా ఎక్కువ పట్టవు. ఏ బొత్తం నొక్కితే ఆ పుస్తకం డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాలో తెరుచుకుంటుంది. పాత తెలుగు పుస్తకాలు స్కాన్ చేసి అందులో పెట్టేవారప్పట్లో. లెక్కపెట్టాను, ముప్ఫై ఒకటి. నేనెక్కి కూర్చున్నాను. పడవ కదిలింది.

మే నెలలో ప్రాజెక్టు చూపించే రోజు. అందరూ రేవులోకి వచ్చారు. నేను ఆకుపచ్చ చీరలో, పమిట వీపులోంచి పొడుచుకుని, చుక్కాని దగ్గర. కాలవల గురించి, 1935 గురించి టైప్ చేశాను. “ఎక్కండి మేడమ్” అన్నాను మా ప్రొఫెసర్‌తో. ఆవిడ ఎక్కింది. పడవ ఆగిపోయింది. మళ్ళీ నొక్కాను, లేదు. ముప్ఫై ఒకటి, నేను ఒకటి, ఆవిడ ముప్ఫై మూడోది. ప్రయాణీకుల సంగతి నేను లెక్కే వేసుకోలేదు. సరంగు ఒక్కడే తిరిగే గ్రంథాలయం కట్టాను! అందరూ చూస్తుండగానే లాంతరు పీకేశాను, గడ పీకేశాను, బల్ల ఒకటి, గూటికి ఆనించిన రెండు గుంజలు. గూడు గాల్లో నిలబడింది. అక్కడది మామూలే. పిల్లి ఎక్కింది, రోబో ఎక్కాడు. పడవ గూగుల్ ఎర్త్ వంపులన్నీ తిరిగి వచ్చింది. దిగుతూ రోబో అడిగాడు, “మరి పుస్తకం తీసుకెళ్తే ఎన్నాళ్ళకి తిరిగివ్వాలి?” అని. నా దగ్గర జవాబు లేదు.

జూన్‌లో నాన్న, అమ్మ వచ్చారు. అప్పటికి నాకు ఆరో నెల. నాన్నకి మొదటివారం జెట్‌లాగ్. రాత్రి రెండింటికి లేచి హాల్లో కూర్చుంటే, నాకూ నిద్ర పట్టక, పడవ చూపించాను. మాట్లాడకుండా చాలాసేపు చూశారు. అర మీదికి దగ్గరగా తీసుకెళ్ళమన్నారు.

“ఇది మన బీరువా కదే!”

కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. నేను మురిసిపోతుంటే, “మూడో అరలో ఆ ఖాళీ చూశావా? ఎవరో తీసుకెళ్ళి ఇవ్వలేదు. రాసుకోలేదు నేను, అదే తప్పయింది” అన్నారు. తర్వాత పడవంతా తిప్పి చూపించమని, చివరికి అడిగారు.

“రిజిస్టరేదీ?”

మన గ్రంథాలయాల్లో గుమ్మం పక్కన ఒక బల్ల, దాని మీద పొడుగు పుస్తకం, తాడుతో కట్టిన పెన్ను. వచ్చినవాళ్ళు పేరు రాసి సంతకం చెయ్యాలి. సాయంత్రం లెక్క కూడి పైకి పంపాలి. పాఠకులెంతమందో తెలియని లైబ్రరీ ఆయన దృష్టిలో లైబ్రరీ కాదు. నేను ఇంకో ముక్క కలిపి బల్ల మీద పుస్తకం పెట్టాను. దాన్ని ఎవరు ముట్టుకున్నా వాళ్ళ పేరూ టైమూ నాకు మెయిల్ పంపేలా రెండు రోజులు తంటాలు పడి నాలుగు లైన్ల ప్రోగ్రాం రాశాను. పొడుగు పుస్తకం లోటు మాత్రం నాన్నే తీర్చారు. డాలర్ స్టోర్లో ఒక నోటుబుక్ కొనుక్కొచ్చి, స్కేలు పెట్టి గీతలు కొట్టారు. వరస సంఖ్య, తేదీ, పేరు, ఊరు, సంతకం.

రోజూ పొద్దున కాఫీ అయ్యాక, “ఎంతమంది?” ఒక్కోరోజు ఇద్దరు, ఒక్కోరోజు ఎవరూ లేరు. క్లాసువాళ్ళు కొందరు, దారి తప్పి దిగినవాళ్ళు కొందరు. ఆ వింత పేర్లన్నీ ఆయన తెలుగులో రాసుకునేవారు. ఊరు గడిలో ఏం రాయాలని అడిగితే తెలీదన్నాను. “అవతలి గట్టు” అని రాసుకున్నారు అన్నింటికీ.

బాబు పుట్టాడు. డిసెంబర్లో వాళ్ళు వెళ్ళిపోయారు, నోటుబుక్ నాన్న పెట్టెలోనే వెళ్ళింది. ఆ తర్వాత ఫోన్లో మనవడి బరువు అడిగాక రెండో ప్రశ్న అదే. 2010 వేసవి వచ్చేసరికి ఎవరూ రావడం మానేశారు. నేను కూడా నెలకోసారి వెళ్తే గొప్ప. అయినా “ఇవాళ ఇద్దరు నాన్నా” అనేదాన్ని. పేర్లు అడిగేవారు. పిల్లాడిని భుజాన వేసుకుని, వంటింట్లో డబ్బాల మీదున్న పేర్లు చూస్తూ కల్పించేదాన్ని. ఒకసారి ఓట్స్ డబ్బా మీద పేరు, ఒకసారి పాల డబ్బా మీద పేరు. ఆయన అక్షరం అక్షరం అడిగి రాసుకునేవారు.

ఆ తర్వాత చదువు సంస్థలకి నేల ధరలో ఇచ్చే సగం రాయితీ తీసేశారు, చాలా యూనివర్సిటీలు అక్కణ్ణించి తరలిపోయాయి. మా ముక్క కూడా వెనక్కి తీసుకున్నారు. పడవ నా సామాన్లలో ‘పోయి దొరికినవి’ అనే అరలోకి వచ్చి పడిందని ఒక మెయిల్ వచ్చింది. నాన్నకి చెప్పాను. “సరేలే, కాలవ కట్టేశారన్నమాట” అన్నారు. వేసవిలో మా కాలవలకి నీళ్ళు ఆపేస్తారు, దాన్ని కట్టెయ్యడం అంటారు. మళ్ళీ ఆ ప్రశ్న అడగలేదు.

ఇప్పుడు నేను ఇక్కడే ఒక కౌంటీ లైబ్రరీలో పనిచేస్తున్నాను. పోయిన సంక్రాంతికి తెనాలి వెళ్ళినప్పుడు బీరువా సర్దుతుంటే మూడో అరలో, ఆ ఖాళీ ఉండే చోట, ఆ డాలర్ స్టోర్ నోటుబుక్ నిలబెట్టి ఉంది. వీపు మీద చిన్న చీటీ అతికించి నంబరు వేశారు. అరవై నాలుగు పేర్లు. చివరి పదకొండూ నేను కల్పించినవే, ఓట్స్ డబ్బా పేరు మూడు చోట్ల ఉంది. తేదీలు వరస తప్పలేదు, ఊరు గడిలో అన్నింటికీ అవతలి గట్టే. సంతకాల గడి మాత్రం మొదటి పేజీ నుంచి చివరిదాకా ఖాళీ.